జడయు, జటయు

హైదరాబాదు నుండి పడమరగా చేవెళ్లకు పోవు రహదారి మర్రిచెట్లకు ప్రసిద్ధి. అప్పా కూడలి మొదలుకొని మొయినాబాదు, కనకమామిడి, చేవెళ్లల మీదుగా మన్నెగూడ వరకు ఈ వృక్షములు సుమారు 900 ఉన్నవని లెక్కించినవారు చెప్పిరి. దారి వెడల్పు చేయుటకై వీనిని తొలగింతురను మాట పుట్టినప్పుడు, నిలుపవలెనని పట్టుబట్టినవారు జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు పోయిరి. ఆ చెట్ల క్రింద నిలిచి తల యెత్తిన బాటసారికి మొదట కనబడునది ఆకు కాదు, ఊడ. కొమ్మ నుండి సన్నని పాయలుగా దిగి, ఒకదానితో నొకటి పెనవేసికొని, నేల తాకిన పిమ్మట అదియే మ్రానుకు ఆధారమగును.

జట యను సంస్కృత పదమునకు తాపసుని తలకట్టు అనియు, చెట్టు వేరు అనియు అర్థములు కలవు. ఆ జటయే తెలుగువారి నోట జడ యైనది. అడవిలోని మునికిని, బడికి పోవు బాలికకును తలపై నున్న దానికి భాష ఒక్క పేరే పెట్టినది. పెద్దలు ఈ రెంటిని ఏల ఒకటిగా చూచిరో తెలియవలెనన్నచో శ్రీమద్రామాయణమును ఆశ్రయింపవలెను. అందును మొదట కనబడునది మర్రిచెట్టే.

అయోధ్యను విడిచిన శ్రీరామచంద్రుడు గంగాతీరమున శృంగిబేరపురమున ఒక రాత్రి గడపెను. మరునాడు గంగను దాటుటకు ముందు నిషాదరాజైన గుహుని పిలిచి మర్రిపాలు తెమ్మని కోరెను. గుహుడు తెచ్చెను. ఆ పాలతో రాముడు తనకును, లక్ష్మణునకును జటలు కట్టెను. వాల్మీకి మహర్షి ఈ సంగతిని కడు క్లుప్తముగా చెప్పి నావ యెక్కించును. కాని ఇచట కొంత ఆగవలెను. రాజకుమారుల తలంటు స్నానమునకు, కేశసంస్కారమునకు అయోధ్యలో పరిచారకు లెందరో యుండిరి. ఆ ఉదయమున ఒక్కరును లేరు. గుహుడు తెచ్చినది పాలు మాత్రమే. కట్టిన చేతులు రామునివి.

కైకేయి కోరిన వరములో నారచీరలే కాదు, జటాధారణము కూడ నుండెను. నారచీరలను ఆమె నిండుకొలువున స్వయముగా తెచ్చి యిచ్చెను. జటలను మాత్రము ఎవరును రాముని తలపై పెట్టలేదు. ఎవరి ఆజ్ఞయు వినబడని యేటియొడ్డున, తిరిగి చూచువారు లేనిచోట, ఆయన తన చేతితో తాను కట్టుకొనెను. ఒకరు విధించినది దండన. దానినే తన చేతితో తాను కట్టుకొన్నప్పుడు వ్రతము. వెండ్రుకలు అవే, పాలు అవే. భేదమంతయు చేతిలో నున్నది. పిదప భరతుడు ఈ వృత్తాంతమును గుహుని వలన విని తీరని దుఃఖము పొందెను. దుఃఖించి ఊరకుండలేదు. తానును జటాధారి యై నందిగ్రామమున పదునాలుగేండ్లు గడపెను. అతనిని జటలు ధరింపుమని కోరినవారు ఒక్కరును లేరు.

ఇక అశోకవనము. సుందరకాండమున సీతమ్మ ఏకవేణీధర. నడుము దాటి జారిన ఒక్క జడ తప్ప ఆమెకు మరి యే అలంకారమును లేదు. భర్త దూరమున నున్న స్త్రీ ఒంటిజడతో నుండుట నాటి ఆచారము. కాళిదాసు మేఘసందేశములోని యక్షపత్నియు అట్లే యుండెను. అయితే ఆ జడను చూచువారు చుట్టునున్న రాక్షసస్త్రీలు. రావణుడు వచ్చినప్పుడెల్ల ఆమెను అలంకరించుకొమ్మనెను. ఆభరణములు చూపెను, లంకలోని భోగము లన్నియు చూపెను. ఆమె వాని వంక చూడనైన చూడలేదు. మాటతో చెప్పిన సమాధానము ఒక క్షణమున ముగియును. పది నెలలు పగలును రేయియు ఎడతెగక చెప్పిన సమాధానము ఆ ఒంటిజడ.

ఆ జడయే ఒక సంధ్యలో ఆమెను అంచుదాకా తీసికొనిపోయెను. రావణుడు రెండు మాసముల గడువు పెట్టి పోయిన పిదప, శింశుపావృక్షము క్రింద నిలిచి, సీతమ్మ తన జడను చేత పట్టి ప్రాణము విడువ నెంచెను. ఈ ఘట్టమును పారాయణ చేయువారి గొంతు ఇచట తడబడుట సహజము. అంతటి మహాసాధ్వికిని ఆశ యుడిగిన గడియ వచ్చినదని వాల్మీకి దాచలేదు. దుఃఖము మితిమీరినవారిని నిందింప నోరెత్తువారు ఈ సర్గము నొకసారి చదువుట మేలు. అంతకు ముందే ఒక రాక్షసవృద్ధ తన కల చెప్పి, రామునికి జయమనియు, లంకకు నాశమనియు తోడివారిని వారించెను. ఆమె పేరు త్రిజట. ఒంటిజడతో నున్న తల్లికి ఊరట తెచ్చిన దాని పేరు మూడు జటలు గలది యగుట చదువరి గమనింపక మానడు. తరువాత శుభశకునములు తోచినవి. కొమ్మపై నుండి రామకథ వినబడినది. జడ పట్టిన చేయి సడలినది.

హనుమంతుడు ఆనవాలు అడుగగా ఆమె కొంగున ముడివేసి దాచిన చూడామణిని విప్పి యిచ్చెను. అది తలపై ధరించునది. తన తండ్రి యజ్ఞమునకు సంతసించి ఇంద్రుడిచ్చినది. పెండ్లినాడు జనకుడు కూతురికి ఇచ్చినది. కిష్కింధకు చేరిన ఆ మణిని చూచి రాముడు, వివాహవేళ అది ఆమె శిరమున మెరసిన తీరును తలచుకొని కన్నీరు పెట్టెను. ఒంటిజడ తల్లికడ నిలిచినది. ఆ శిరసున ఒకప్పుడు మెరసిన మణి రాముని చేరినది.

మహాభారతమున ఈ కథయే తలక్రిందుగా నడచును. ద్రౌపదీదేవి కేశములు రాజసూయావభృథమున మంత్రజలముతో తడిసినవి. దుశ్శాసనుడు పట్టి యీడ్చినది ఆ కేశములనే. పిదప శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరునాడు ఆమె ఆ కేశములను ఎడమచేత పట్టుకొని ఆయన యెదుట నిలిచెను. సంధి మాట నడచునప్పుడు ఇవి జ్ఞాపకముండవలెనని కోరెను. ఈ ఘట్టమున తిక్కన సోమయాజి ద్రౌపది తెలుగువారికి ఎంత దగ్గరయినదో చెప్ప నక్కరలేదు. ముడి వేయననెడి ప్రతిజ్ఞను భట్టనారాయణుడు వేణీసంహార మను నాటకముగా మలచెను. సీతమ్మ ముడిచి నిలిచినది; ద్రౌపది విప్పి నిలిచినది. ఇరువురును ఇంకొకరి చేయి తమ తలపై పడనీయమని చెప్పినవారే.

సత్యభామ జడ వేరు త్రోవ. కూచిపూడి భామాకలాపమున ఆమె ముఖము కనబడక మునుపే తెరపై జడ వ్రేలాడును. ఆ జడను వేసినవాడు తన విద్యను పణముగా పెట్టినట్లే యని సంప్రదాయము. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి పురుషులు ఆ పాత్రను ధరించి, జడ పట్టుకొను తీరుననే గర్వమును, విరహమును చూపిరి. సిద్ధేంద్రయోగి ఆ గర్వపు జడను చివరకు స్వామి పాదముల చెంతకే నడిపించెను గనుక అది భక్తుల మాటలోను చోటు పొందినది.

జడ యెట్లు పుట్టుచున్నదో ఇక చూడుడు. తెలిసిన సంగతియే గదా యని దాటిపోవుట వలననే అందలి అందము మరుగుపడుచున్నది. కుంకుడురసముతో తలంటుకొని, ఆరిన తరువాతనే దువ్వవలెను. తడివెండ్రుక బలహీనము, లాగిన తెగును. చిక్కును మొదట కొసల నుండి తీయుచు పైకి పోవలెను. కుదుళ్ల నుండి దిగలాగినచో చిక్కు ముడియై బిగియును. పిదప కేశములన్నిటిని వెనుకకు దువ్వి, ఒక చోట చేర్చి, రిబ్బనుతోనో దారముతోనో కట్టవలెను. ఆ కట్టు నుండి జారిన దానిని మూడు పాయలు చేయవలెను. కుడి పాయ నడిమి దానిపైకి, పిదప ఎడమ పాయ నడిమి దానిపైకి. మరల కుడి, మరల ఎడమ. నడిమి స్థానము ఏ పాయకును సొంతము కాదు. ప్రతి పాయయు నడుమకు వచ్చును, ప్రతి పాయయు ప్రక్కకు తొలగును. ఒక పాయ పలుచనైన జడ వంకరపోవును. ఒక పాయను బిగించి మరొకదానిని వదలిన నిలువదు. నుదుటి వద్ద మరీ బిగించి లాగు అలవాటు యేండ్ల తరబడి సాగినచో అచట వెండ్రుకలు పలుచబడునని వైద్యులు హెచ్చరింతురు.

తల్లి అల్లు జడ వేరు, తానే అల్లుకొను జడ వేరు. తన జడ తన వీపున నున్నది, కన్నులు చూడజాలవు. అద్దము ముఖమును చూపును గాని వెనుకను చూపదు. వ్రేళ్లకు పాయల లెక్క తెలియవలెను, బిగువు తెలియవలెను. మొదటి దినములలో బాలిక చేతులు నొప్పిపుట్టి దించును, పాయలు కలిసిపోవును, మరల విప్పి మరల మొదలిడును. మెడ దాటువరకు వెనుక నల్లి, పిదప జడను భుజము మీదుగా ముందుకు తెచ్చుకొని కొస వరకు అల్లుట సులభమని ఆమెయే కనిపెట్టును. జపమాలను కన్నులతో చూచి త్రిప్పువారు లేరు. తెల్లవారుజామున కన్నులు మూసికొని మాల త్రిప్పు తాతగారి వ్రేళ్లు, దీపము వెలిగింపక ముందే జడ యల్లుకొను మనుమరాలి వ్రేళ్లు నేర్చినది ఒక్క విద్యయే.

జడబిళ్ల, రాగిడి, జడకుప్పెలు మొదలగు ఆభరణములు గలవారు పెట్టుకొందురు. లేనివారికి మూర చామంతులు చాలును. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతపు రైతులు పెంచు పూలు గుడిమల్కాపురము బజారుకు చేరి, అచట నుండి కొన్ని దేవుని మెడకును, కొన్ని ఆడువారి జడలకును పోవును. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి ఈ రెంటికిని భేదము లేకుండ చేసినది. స్వామికి కట్టిన మాలను తన తలపై ముడిచి, చూచుకొని, పిదప పంపినది. మాలలో వెండ్రుకను చూచి పెరియాళ్వారు కలతపడగా, ఆమె ముడిచి విడిచిన మాలయే తనకు ప్రియమని స్వామి సెలవిచ్చెను. శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యమునకు ఆముక్తమాల్యద యని పేరు పెట్టినది దీనినిబట్టియే. నేటికిని తిరుమల బ్రహ్మోత్సవములకు ఆ ఊరినుండి మాల వచ్చుచున్నది.

తెలుగున పాయ యను మాట జడకును చెల్లును, నదికిని చెల్లును. ప్రయాగ త్రివేణి యనబడుట ఇందువలననే. వేణి యనగా జడయే గదా. గంగ తెల్లగాను, యమున నల్లగాను కనబడును, సరస్వతి కనబడదు. జడలోను ఏ క్షణమునకైనను ఒక పాయ మిగిలిన వాని క్రింద దాగియే యుండును. దక్షిణాది నుండి, తెలుగునాటి నుండి పోవు దంపతులు అచట వేణీదానము చేయుదురు. భర్త భార్య తల దువ్వి, జడ అల్లి, పసుపు కుంకుమలు పూలు పెట్టి, జడకొసను కొంచెము కత్తిరించి సంగమమున విడుచును. ఇండ్లలో జీవితకాలమున ఒక్కమారైనను భార్య తల దువ్వని పురుషుడు అచట వందలమంది నడుమ కూర్చుండి, చేతకాని వ్రేళ్లతో మూడు పాయలు విడదీయుచు, తప్పుచు, పురోహితుని చేతను, భార్య చేతను కూడ దిద్దబడుచుండును. ఆ క్రతువునకు శాస్త్రము చెప్పు ఫలము ఏదైనను, ఈ దృశ్యము కూడ ఒక ఫలమే.

ఇచ్చుట యన్నప్పుడు తిరుమల తలపునకు రాక మానదు. స్వామి శిరమున దెబ్బ తగిలి కేశములు లేని చోట నీలాదేవి యను గంధర్వకన్య తన కురులను కోసి అతికించినదని ఐతిహ్యము. తలనీలాలు ఇచ్చు ఆచారమునకు మూలముగా దానిని చెప్పుదురు. కల్యాణకట్టలో స్త్రీలు కొందరు పూర్తిగా ఇత్తురు, కొందరు మూడు కత్తెరలు ఇత్తురు. కొండకు పోలేని భక్తుని కొరకు స్వామి తానే తరలివచ్చి వెలసెనని చెప్పబడు చిలుకూరు ఈ కనకమామిడి ప్రాంతమునకు దగ్గరలోనిదే. అచట హుండీ లేదు. పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరుకొని, కోరిక తీరిన పిదప నూటయెనిమిది చేయుట అచటి ఆచారము. స్వామి తీసికొనువాడు కాడు; భక్తుడు ఇచ్చువాడు. ఇచ్చుట యందు ఇచ్చువాని చేయి ఉండవలెను.

ఈ మాటను గట్టిగా పట్టుకొన్నచో, తెలుగునాట శతాబ్దములు జరిగిన ఒక కార్యమునకు భక్తి పేరు చెల్లదని తేలును. భర్తను కోల్పోయిన స్త్రీకి, ముఖ్యముగా బ్రాహ్మణ కుటుంబములలో, బలవంతముగా శిరోముండనము చేయించిరి. పదేండ్లు నిండని బాలవితంతువులను కూడ విడువలేదు. చేయి ఆమెది కాదు, సంకల్పము ఆమెది కాదు. కల్యాణకట్టలో రాలిన కేశము, ఆ ఇండ్ల పెరళ్లలో రాలిన కేశము చూచుటకు ఒక్కటే. మొదటిది అర్పణము, రెండవది అపహరణము. ధర్మశాస్త్రమని చెప్పి దీనిని సమర్థించువారికి, వితంతువునకు కఠిననియమములు చెప్పిన మనుస్మృతియే ముండనమును చెప్పలేదని గుర్తు చేయవలసియున్నది. ఋగ్వేదమున పతి శవము ప్రక్కనున్న స్త్రీని లేచి జీవలోకమునకు రమ్మని పిలుచు మంత్రము కలదు. తల గొరిగించుకొని మూల కూర్చుండుమను మాట అందు లేదు.

తరిగొండ వెంగమాంబ కథ ఇచట చెప్పక తీరదు. వాయల్పాడు సమీపమున తరిగొండలో 18వ శతాబ్దమున పుట్టి, చిన్ననాటనే పెండ్లియై, చిన్ననాటనే భర్తను పోగొట్టుకొనినది. శ్రీవేంకటేశ్వరుడే తన పతి యని చెప్పి ఆమె పసుపు కుంకుమలను, పూలను, జడను విడువననెను. ఊరు సహింపలేదు. ఆ ప్రాంతమునకు వచ్చిన పీఠాధిపతి ఒకరు ఆమెకు శిరోముండనము చేయింప నాజ్ఞాపించెననియు, క్షురకర్మ జరిగిన పిమ్మట ఆమె నీట మునిగి లేవగా జడ మునుపటివలెనే యుండెననియు భక్తులు చెప్పుకొందురు. ఇది ఐతిహ్యము. మహిమను నమ్మువారు నమ్ముదురు. నమ్మనివారికైనను కథ యొక్క తాత్పర్యము తేటగానే యున్నది. ఊరు తీసిన దానిని స్వామి తిరిగి యిచ్చెనని భక్తులు తరతరములుగా చెప్పుకొనిరన్నచో, ఎవరి పక్షము ధర్మమో వారి మనస్సునకు తెలియుననియే గదా అర్థము. ఆమె తిరుమల చేరి, తుంబురుకోనలో తపస్సు చేసి, వేంకటాచలమాహాత్మ్యమును, ద్విపద భాగవతమును రచించి, 1817లో సమాధి పొందినది. తిరుమలలో ప్రతిరాత్రి ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. కొండపై యాత్రికులు భుజించు అన్నప్రసాద కేంద్రమునకు 2011 నుండి ఆమె పేరే. ఊరు ఏ తలను గొరిగింప నెంచినదో, ఆ తల్లి పేర నేడు అన్నము పెట్టబడుచున్నది.

కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినప్పుడు ఆయనను బంధువులు, పురోహితులు వెలివేసిరి. నేడు ఆ ముండనము లేదు. దాని నీడ మాత్రము తొలగలేదు. పేరంటమున పసుపు కుంకుమల పళ్లెము కొందరి యెదుట ఆగదు. కన్నకూతురి పెండ్లిలో తల్లి స్తంభము చాటున నిలుచును. బతుకమ్మ పేర్చిన చేతులే, పూవు తలలో పెట్టుకొనుటకు సంకోచించును. పెండ్లికూతురి జడను అల్లుటకు ఆమె కంటె నేర్పరి ఇంట లేకున్నను, ఆ గదికి ఆమెను పిలువరు. రామాయణము నిత్యము పారాయణ జరుగు ఇండ్లలోనే ఇట్లు జరుగుచున్నది.

యుద్ధకాండము చివర వాల్మీకి చెప్పినది వేరు. రావణవధానంతరము, తలంటుకొని అలంకరించుకొని రమ్మని రాముడు కబురు పంపగా, స్నానము చేయకయే భర్తను చూతునని సీతమ్మ మొదట అనెను. పిదప అగ్నిపరీక్షయు, పుష్పకయానమును గడచి, అందరును నందిగ్రామము చేరిరి. క్షురకులు వచ్చిరి. మొదట భరతుడు స్నానము చేసెను, పిదప లక్ష్మణుడు, సుగ్రీవుడు, విభీషణుడు. అందరి తరువాత రాముడు జటలు తొలగించుకొని స్నానము చేసెను. శృంగిబేరపురమున కట్టిన జటలు అక్కడ విడినవి.

పట్టాభిషేకమునకు సీతమ్మను అలంకరింపవలసియున్నది. అయోధ్యలో దాసీజనమునకు కొదువ లేదు. సువాసినులకును కొదువ లేదు. కాని ఆ పని చేసినది దశరథుని భార్యలు. పదునాలుగేండ్లకు ముందే భర్తను కోల్పోయిన ఆ తల్లులు, ఎవరికిని అప్పగింపక, తమ చేతులతోనే కోడలికి అలంకారము చేసిరని మహర్షి స్పష్టముగా చెప్పెను. కేశాలంకారము లేని అలంకార మెక్కడను లేదు. ఆ శుభవేళ వారి చేయి అశుభమని వసిష్ఠుడు అనలేదు, ఊరు అనలేదు, వినువారిలో ఎవరికిని ఆ తలంపే రాలేదు.

కిష్కింధ నుండి సీతమ్మ కోరికపై తార మొదలగు వానరస్త్రీలును పుష్పకమున వచ్చియుండిరి. వారు కొత్తవారు, ఆ నగరమున వారికి ఎవరును లేరు. కోడలి అలంకారము ముగిసిన పిమ్మట కౌసల్యాదేవి వారినందరిని చేరదీసి, కొడుకు వచ్చెనను సంతోషముతో, ఒక్కొక్కరికిని శ్రద్ధగా అలంకరించెను.